78 టీఎంసీల గడపలో అనంతసాగరం

330 అడుగులు. అనంతసాగరాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు పట్టుకోవలసిన అంకె ఇదే. సోమశిల జలాశయం నిండుగా ఉన్నప్పుడు నీరు సముద్రమట్టానికి 330 అడుగుల ఎత్తున, అంటే 100.58 మీటర్ల దగ్గర నిలుస్తుంది. ఆ మట్టానికి దిగువనున్న పొలానికి కాలువ తవ్వితే చాలు, నీరు తనంతట తానే పారుతుంది. ఎగువనున్న పొలానికి మోటార్లు పెట్టి ఎత్తిపోయాలి. నెల్లూరు జిల్లా పడమటి వైపున మాగాణి ఎక్కడ ఆగుతుందో, మెట్ట ఎక్కడ మొదలవుతుందో ఇవాళ చాలావరకు ఆ గీతే తేలుస్తోంది.

ఆత్మకూరు రెవెన్యూ డివిజన్‌లో ఒక మండల కేంద్రం అనంతసాగరం. పడమట వెలిగొండలు, దక్షిణాన పెన్న, తూర్పున ఆత్మకూరు మాగాణి, ఉత్తరాన ఉదయగిరి వైపు సాగే మెట్ట. రేవూరు, చిలకలమర్రి, సోమశిల ఈ మండలంలోని ఊళ్లే. బయటివాళ్లకు సోమశిల పేరు తెలిసినంతగా మండలం పేరు తెలియదు. కానీ ఈ చుట్టుపక్కల ఆరున్నర శతాబ్దాలుగా రాజులూ ఇంజనీర్లూ రైతులూ తేల్చుకోవాలని చూస్తున్న లెక్క ఒకటే: కొండ మీద పడిన వానను, కొండను చీల్చుకుని వచ్చిన ఏటిని ఎవరి పొలానికి, ఎంత, ఎలా చేర్చాలి?

కొండను కోసిన ఏరు

పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు పారి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. అందులో 50 వేలకు పైగా సోమశిలకు ఎగువనే ఉంది. జయమంగళి, చిత్రావతి, కుందేరు, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు అన్నీ సోమశిలకు పైనే పెన్నలో కలిసిపోతాయి. అనంతపురం నుంచి కడప దాకా పదిపాళ్లలో తొమ్మిదిపాళ్ల నేల మీద పడిన వాన, ఏరుగా మారిందంటే వెలిగొండల్లోని ఒక్క సందు గుండానే బయటికి రావాలి. ఆ సందు పేరు సోమశిల.

ఆ సందు అక్కడే ఎందుకుందో రాయి చెబుతుంది. వెలిగొండలు కడప బేసిన్‌కు తూర్పు అంచు. అర్ధచంద్రాకారంలో దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న ఆ బేసిన్‌లో కోట్ల ఏళ్లపాటు ఇసుక, ఒండ్రు పేరుకుని రాయిగా గట్టిపడ్డాయి. తరవాత తూర్పు అంచు నలిగి, మడతలు పడి, కొండలుగా లేచింది. ఆ కొండల్లో గట్టి రాయి క్వార్ట్‌జైట్. దానికి తూర్పున, ఉదయగిరి నుంచి ఆత్మకూరు వైపు, అంతకంటే పాతవైన నెల్లూరు షిస్టు రాళ్లు. షిస్టు త్వరగా అరిగి పల్లమైంది, క్వార్ట్‌జైట్ అరగక గోడలా నిలిచింది. ఆ గోడను కోసుకుంటూ ఏరు దారి చేసుకున్నచోట రెండు కొండలు దగ్గరదగ్గరగా నిలబడ్డాయి. ఆనకట్ట కట్టాలనుకున్న ఎవరి కళ్లయినా ముందు పడేది అలాంటి చోటే.

ఇక వాన. నెల్లూరు జిల్లా సగటు ఏడాదికి 1,080 మిల్లీమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో చాలా జిల్లాలకు నైరుతి రుతుపవనాలు ప్రాణం. నెల్లూరు మాత్రం ఎక్కువ వానను ఈశాన్యం నుంచి, అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో అందుకుంటుంది. ఆ వానలో పెద్ద భాగం వాయుగుండాలతో వస్తుంది. నెలంతా సన్నగా కురవదు, మూడు నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతుంది. ఒక ఎకరం 43,560 చదరపు అడుగులు. దాని మీద 1,080 మిల్లీమీటర్లు కురిస్తే లక్షా యాభై వేల ఘనపుటడుగులకు పైగా నీరు. వరికి పంటకాలమంతా 4 అడుగుల లోతు నీరు కావాలనుకుంటే ఎకరాకు లక్షా డెబ్బైనాలుగు వేల ఘనపుటడుగులు. ఏడాది వాననంతా చుక్క పోకుండా ఆపినా, పడిన ఎకరంలో ఒక్క వరి పంటకు చాలదు. పైగా పడిన వానంతా చెరువుకు చేరదు. అందుకే నాలుగైదు ఎకరాల కొండ వానను తెచ్చి ఒక ఎకరం మడికి పెట్టాలి. అనంతసాగరం పెద్ద చెరువుకైనా, ఈ సీమలోని ఏ చెరువుకైనా పునాది ఈ లెక్కే.

ఉదయగిరి దొర రాయించిన పన్నెండు షరతులు

ఆ లెక్కను రాతి మీద చెక్కించినవాడు ఉదయగిరి పాలకుడే. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు. ఉదయగిరి నుంచి పాలిస్తూ, కొండకు అవతల కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు కట్టించాడు. 1369 నాటి శాసనంలో దాని పేరు అనంతరాజసాగరం. మన అనంతసాగరం వేరు, అది వేరు. కానీ రెంటినీ పుట్టించిన విద్య ఒకటే.

ఆ శాసనం ఇచ్చిన అంకెలు చూడండి. రోజుకు 1,000 మంది కూలీలు, కట్ట రాతిపనికి 100 బండ్లు, 2 ఏళ్ల పని. ఏడాదికి 300 రోజులు పనిచేశారనుకున్నా 6 లక్షల కూలి దినాలు. ఎంత డబ్బయిందో లెక్కలేదని కూడా అందులోనే చెప్పారు. అంతకంటే విలువైనది, చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే మంచినీటి ఏరు, ఆ ఏటిని ఆనుకున్న కొండలు, ఆ కొండల మధ్య మరీ పొడుగు కాకుండా గట్టిగా ఉండే రాతి కట్ట, పంట నేలకు దూరంగా తిరిగిన కట్ట కొసలు, వెడల్పూ లోతూ ఉన్న గర్భం, దగ్గర్లో నిడుపైన రాళ్ల గని, పక్కనే సమతలమైన సారవంతమైన పొలాలు, వడిగా పారే నీటి దారి, పని తెలిసిన మనుషులు. నా ఉద్దేశంలో తెలుగు నేల మీద ఇంజనీరింగ్ గురించి రాసిన వాటిలో ఇంత క్లుప్తంగా, ఇంత పూర్తిగా ఉన్నవి అరుదు. బళ్లలో పిల్లలకు చెప్పవలసిన పాఠం ఇది.

దోషాలు ఆరు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండడం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు మరీ ఎక్కువ కావడం. వీటిని గుర్తుంచుకోండి. 620 ఏళ్ల తరవాత సోమశిల దగ్గర ఇవే పనికొస్తాయి.

చెరువు కట్టడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు. దానికి ఈ సీమలో దశబంధం అనే పద్ధతి నడిచింది. సొంత ఖర్చుతో చెరువు కట్టించినవాడికి, మరమ్మతు చేయించినవాడికి దాని కింద సాగయ్యే నేలలో పదో వంతో, అలాంటి మరో పాలో పన్ను లేకుండా, లేదా తక్కువ పన్నుతో ఇనాముగా వదిలేవారు. కట్ట తెగితే ఆ ఇనాము పంటా పోతుంది. కాబట్టి వానాకాలానికి ముందే తూము, కలుజు చూసుకోవడం అతడి అవసరం. ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో చూసేందుకు నీరుగంటి ఉండేవాడు. అతడికీ పంటలో పాలు ఉండేది.

కోటకు తిండి పెట్టిన పొలాలు

ఉదయగిరి కొండ ఎత్తు 3,079 అడుగులు. పాత గెజిటీర్ల ప్రకారం దుర్గం మొదట 13 కోటల సముదాయం, 8 కొండ మీద, 5 కొండ కింద. రాయలసీమ నుంచి కోస్తాకు దిగే దారుల మీద కాపలాకు ఇంతకు మించిన చోటు లేదు. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు ముట్టడించాడు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్ రాసిన ప్రకారం రాయల పక్షాన 34,000 కాల్బలం, 800 ఏనుగులు. కోట లోపల 10,000 కాల్బలం, 400 గుర్రాలు. ముట్టడి ఏడాదిన్నర సాగింది. బండలు పగలగొట్టి దారి చేసుకోవలసి వచ్చింది. 1514 జూన్‌లో కోట లొంగింది. జూలై 6న రాయలు తిరుమల వెళ్లి 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేసినట్టు అక్కడి శాసనం చెబుతోంది. ఉదయగిరి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుడి విగ్రహానికి 1515లో విజయనగరంలో గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

ఇదంతా చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. వాటిలో కనిపించని లెక్క ఒకటుంది. 34,000 మందికి మనిషికి రోజుకు అర కిలో గింజలు చొప్పున 17,000 కిలోలు కావాలి. నెల్లూరు పుట్టి 850 కిలోలు. అంటే రోజుకు 20 పుట్లు. 540 రోజులకు 10,800 పుట్లు. నూనిజ్ అంకెలు పెంచి రాసినవనుకుని సగానికి తగ్గించినా 5,400 పుట్లు. అందులో ఏనుగుల మేత, గుర్రాల దాణా కలపలేదు. అంత తిండి విజయనగరం నుంచి బండ్ల మీద రావాలంటే ఎడ్లే సగం తినేస్తాయి. చుట్టుపక్కల చెరువుల కింద పండాలి, లేదా పండినచోటి నుంచి లాక్కోవాలి. ముట్టడి భారం మోసింది ఈ పల్లెలేనని నా నమ్మకం. కోట చేతికొచ్చాక దాన్ని రాయసం కొండమరుసయ్య ఏలుబడిలో పెట్టడం, ఆ తరం విజయనగర పాలకులు చెరువులకూ కాలువలకూ అంత ప్రాధాన్యం ఇవ్వడం ఈ లెక్క తెలిసి చేసిన పనులే.

తరవాతి మూడు వందల ఏళ్లలో గోల్కొండ, ఆర్కాటు నవాబులు, 1801లో ఈస్టిండియా కంపెనీ. 1830ల చివర్లో ఉదయగిరి జాగీర్దారు కర్నూలు నవాబుతో కలిసి కంపెనీ మీద తిరుగుబాటుకు యత్నించాడన్న ఆరోపణతో జాగీరు పోయింది. కంపెనీ, ఆ తరవాత బ్రిటిష్ ప్రభుత్వం నీటి మీద పెట్టిన పెట్టుబడి మాత్రం దిగువకే చేరింది. 1855లో నెల్లూరు ఆనకట్ట, 1882-86 మధ్య సంగం ఆనకట్ట. రెండూ డెల్టా కోసమే. సంగానికి పడమటనున్న ఊళ్లు తమ చెరువులనే నమ్ముకుని బతికాయి.

ఒక్క రోజు వరద, ఒక్క కారు పంట

సోమశిల డ్యాం పని 1970ల్లో మొదలై 1989 నాటికి పూర్తయింది. నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,830 కోట్ల లీటర్లు. ఎకరా వరికి 4 అడుగుల చొప్పున ఒక టీఎంసీతో 5,700 ఎకరాలు పండుతాయి. నిండినప్పుడు జలాశయం పరుచుకునే నేల సుమారు 212 చదరపు కిలోమీటర్లు, అంటే 52 వేల ఎకరాలు. సగటు లోతు 34 అడుగులే. ఇంత పల్చగా పరుచుకున్న నీటిలో ఎండకు ఒక్క అడుగు ఆవిరైతే రెండుంపావు టీఎంసీలు పోయినట్టే. వేసవికి దాచుకుందాంలే అనుకునేవాళ్లు ఈ అంకె మరవకూడదు.

ఇప్పుడు పోరుమామిళ్ల శాసనాన్ని ఇక్కడ పెట్టి చూడండి. దూరం నుంచి వచ్చే ఏరు, దాన్ని ఆనుకున్న కొండలు, వాటి మధ్య పొట్టి కట్ట, అవతల వెడల్పాటి గర్భం: అంగాలన్నీ కుదిరాయి. దోషాల దగ్గరే ఇబ్బంది. మూడో దోషం, సరిహద్దు. కట్ట నెల్లూరు జిల్లాలో ఉంది, మునిగిన ఊళ్లు ఎక్కువగా కడప వైపు అట్లూరు, నందలూరు, ఒంటిమిట్ట, గోపవరం ప్రాంతాల్లో ఉన్నాయి. ఇళ్లూ పొలాలూ పోగొట్టుకున్నది ఒకరు, నీళ్లు అందుకున్నది ఇంకొకరు. రాజ్యాలు పోయి జిల్లాలు వచ్చినా ఆ దోషం దోషమే. ఐదో దోషం, నీటికి మించిన నేల. పెన్నా డెల్టా ఆయకట్టు 2.47 లక్షల ఎకరాలు. ఒక్క కారు వరికే 43 టీఎంసీలు కావాలి. ఎడగారు కూడా వేస్తే జలాశయం మొత్తం చాలదు. దీనికి తోడు ఉత్తర కాలువ, దక్షిణ కాలువ, వరద కాలువ ద్వారా 68 టీఎంసీల కండలేరు, అక్కడి నుంచి చెన్నై.

చెన్నై సంగతి కొంచెం చెప్పాలి. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కృష్ణా జలాల్లో తమ వాటా నుంచి తలా 5 టీఎంసీలు చెన్నై తాగునీటికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. దారిలో ఆవిరయ్యే 3 టీఎంసీలు పోను 12 చేరాలి. రోజుకు 93 కోట్ల లీటర్లు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మసాగరం మీదుగా సోమశిలకు, సోమశిల నుంచి కండలేరుకు, అక్కడి నుంచి పూండికి దాదాపు 400 కిలోమీటర్ల ప్రయాణం. 1996లో ఆ నీరు మొదటిసారి తమిళనాడుకు చేరింది. దాహం తీర్చే నీరు, దానికి అడ్డు చెప్పకూడదు. నా ఫిర్యాదు చెన్నై మీద కాదు. అనంతసాగరం మండలం నేల మీదుగా అన్ని వందల కిలోమీటర్లు నీరు నడవగలిగినప్పుడు, మండలానికి ఉత్తరాన కొద్ది దూరంలోని మెట్టకు ఎందుకు ఎక్కలేకపోయిందన్నదే ప్రశ్న.

కారణం మొదట్లో చెప్పిన 330 అడుగులు. మెట్ట ఆ గీతకు పైన ఉంది. అందుకే సోమశిల హైలెవల్ కాలువ పథకం వచ్చింది. జలాశయం నుంచి నీటిని ఎత్తిపోసి, రెండు దశల్లో ఆత్మకూరు, ఉదయగిరి నియోజకవర్గాల మెట్టలో 90 వేల ఎకరాలకు ఇవ్వాలని ప్రణాళిక. ఏళ్లు గడిచినా పని పూర్తికాలేదు.

ఆ 90 వేల ఎకరాలకు ఎంత నీరు కావాలో వేసి చూద్దాం. వరి కాకుండా ఆరుతడి పంటలకు ఎకరాకు 2 అడుగులు చాలనుకుంటే, మొత్తం 8 టీఎంసీల లోపే. జలాశయం సామర్థ్యంలో పదో వంతు. దశబంధం పాలు అంత.

2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ఆ వరద పెన్నలో కలిసి సోమశిలకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. డ్యాం కింద రక్షణ కట్టడాలు దెబ్బతిన్నాయి, దిగువన నెల్లూరు దాకా ఊళ్లు మునిగాయి. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. 5 లక్షల క్యూసెక్కులంటే రోజుకు 43 టీఎంసీలు. ఖాళీ సోమశిల రెండు రోజుల్లోపే నిండిపోతుంది. 90 వేల మెట్ట ఎకరాలకు ఒక పంటకాలమంతా సరిపోయే నీరు నాలుగున్నర గంటల్లో సముద్రంలో కలిసింది. వరదను గంటల్లో ఎత్తిపోయలేమని తెలుసు, మోటార్లకు హద్దుంది. అయినా చెరువులున్నది ఎందుకు? నీరు వచ్చిన రోజుల్లో దాచి, రాని నెలల్లో వాడుకోవడానికే కదా. మెట్ట చెరువులన్నిటినీ హైలెవల్ కాలువకు కలిపితే, రోజుకు కొద్దికొద్దిగా ఎత్తిపోసినా నిండుతాయి. ఉత్తర కాలువ కింది ఊళ్లలో జరుగుతున్నది అదే. అనంతసాగరం చెరువుకు ఇవాళ కొండ వాగులతో పాటు సోమశిల నీరూ అండ.

పూడిక సంగతీ అంతే ముఖ్యం. 1,000 ఎకరాల చెరువులో ఒక్క అడుగు మట్టి పేరుకుంటే 250 ఎకరాల వరికి సరిపోయే చోటు పోయినట్టు. ఎకరాకు 3 పుట్లు పండితే 750 పుట్లు. 1997లో రైతుల చేతికి నీటి యాజమాన్యం ఇస్తూ చట్టం వచ్చింది, నీటి సంఘాలు ఏర్పడ్డాయి. చెరువు ఎంత పూడిందో కొలిచి ఊళ్లో బోర్డు పెట్టిన సంఘాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కొలవడం, రాసి పెట్టడం మనకు కొత్త కాదు. 19వ శతాబ్దం మొదట్లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కరణాలు ఊరూరా కైఫీయతులు, అంటే ఊరి వివరాల రాతలు రాశారు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. 1961 జనాభా లెక్కల శాఖ కొన్ని పల్లెల మీద విడివిడిగా పుస్తకాలే తెచ్చింది. ఇలాంటి పనే ఫ్రాన్స్‌లోనూ జరిగింది. అక్కడ ఇప్పటికీ 35 వేల దాకా చిన్న చిన్న కమ్యూన్లున్నాయి. 1889, 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనల కోసం అక్కడి బడిపంతుళ్లు తమ ఊరి నేల, నీరు, పంట, గుడి, జనం అన్నీ లెక్కలతో రాసిపెట్టారు. నూరేళ్ల తరవాత అక్కడి చరిత్రకారులకు అవే ఆధారమయ్యాయి.

అనంతసాగరం మండలంలోని బడుల్లో పాఠం చెప్పే పంతుళ్లకు, నీటి సంఘాల పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే వేసవిలో చెరువు అడుగంటినప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని కట్ట పొడవు, తూముల సంఖ్య, పూడిక మందం కొలవండి. కట్ట దగ్గరా గుడి దగ్గరా ఉన్న రాతల ఫొటోలు తీయండి. చెరువు కింద ఎన్ని ఎకరాలు పారాలో, ఎన్ని పారుతున్నాయో రెండంకెలూ పక్కపక్కన రాసి పంచాయతీ గోడ మీద పెట్టించండి. హైలెవల్ కాలువ గురించి ఎవరైనా ఓటడగడానికి వస్తే ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లి, మిగిలిన పని ఏ తేదీకి పూర్తవుతుందో అడగండి.